ఇంటి గోడ దాకా వచ్చింది ఒకే తీగ: హోమ్ ఇంటర్నెట్‌కు ఆప్షన్లు ఎందుకు తక్కువ, ఖర్చు ఎందుకు ఎక్కువ

సిమ్ నచ్చకపోతే నంబరు మార్చుకోకుండానే ఇంకో కంపెనీకి వెళ్లిపోవచ్చు. హోమ్ ఇంటర్నెట్‌లో ఆ సుఖం లేదు. నెట్ రోజుకు రెండుసార్లు పడిపోయినా, కస్టమర్ కేర్ వాళ్లు పెట్టే పాట అరగంట విన్నా, నెల తిరిగేసరికి బిల్లు మళ్లీ వాళ్లకే కట్టాలి. ఎందుకంటే గోడ దాకా వచ్చిన తీగ వాళ్లదొక్కటే. సముద్రం అడుగున పోయే కేబుళ్లు, డేటా సెంటర్లు అన్నీ బాగానే ఉంటాయి. చిక్కంతా వీధి స్తంభానికీ మీ రౌటర్‌కూ మధ్య ఉన్న ఆఖరి కొద్ది దూరంలో ఉంది. డబ్బు అక్కడే ఖర్చవుతుంది, పోటీ అక్కడే ఆగిపోతుంది, స్పీడు కూడా చాలాసార్లు అక్కడే పోతుంది.

రెండో కంపెనీ మీ వీధికి ఎందుకు రాదు

ఫైబర్ చాలా ఖరీదైన వస్తువని చాలామంది అనుకుంటారు. వెంట్రుకంత సన్నటి ఆ గాజు తీగ నిజానికి చవకే. దాన్ని ఇంటి దాకా తేవడమే ఖరీదు. రోడ్డు తవ్వాలి, పైపు వేయాలి, పూడ్చి మళ్లీ తారు పోయాలి. తవ్వకం వద్దనుకుంటే స్తంభాలకు అద్దె కట్టాలి. దేనికైనా అనుమతులు తప్పవు. యూరోపియన్ యూనియన్ 2014లో బ్రాడ్‌బ్యాండ్ ఖర్చులు తగ్గించడానికి ఒక ఆదేశం తెచ్చింది. కొన్ని రకాల నెట్‌వర్కుల్లో మొత్తం ఖర్చులో 80 శాతం దాకా ఈ తవ్వకం, కట్టుబడి పనులదే కావచ్చని అందులోనే రాసుకున్నారు.

ఒక లెక్క వేసి చూద్దాం. వీధిలో 100 ఇళ్లున్నాయి. వీధంతా లైను లాగడానికి 1,000 పాళ్ల ఖర్చయింది. మొదట వచ్చిన కంపెనీకి 60 ఇళ్లు కనెక్షన్ తీసుకున్నాయి. అంటే ఒక్కో ఇంటి మీద దాదాపు 17 పాళ్లు రాబట్టుకుంటే పెట్టుబడి తిరిగొస్తుంది. ఇప్పుడు రెండో కంపెనీ వచ్చి అదే వీధిలో అదే 1,000 పాళ్లు పెట్టింది. దానికి 25 ఇళ్లు దొరికాయనుకుందాం. ఒక్కో ఇంటి మీద 40 పాళ్లు రాబట్టాలి. మొదటి కంపెనీ పెట్టుబడి అప్పటికే సగం తిరిగొచ్చి ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క వీధిలో ఏడాది పాటు రేటు తగ్గించి కూర్చుంటే చాలు, రెండోవాడు నిలబడలేడు. ఇది రెండోవాడికీ తెలుసు. అందుకే రాడు. అర్థశాస్త్రంలో దీన్ని సహజ గుత్తాధిపత్యం అంటారు. ఇళ్లు దూరదూరంగా ఉన్నచోట ఈ లెక్క ఇంకా దారుణంగా ఉంటుంది. అదే 1,000 పాళ్ల తీగకు అక్కడ 100 ఇళ్లకు బదులు 15 ఇళ్లే తగులుతాయి.

ఇదంతా లెక్కల మహిమే అని కంపెనీలను వదిలేయడానికీ లేదు. అపార్ట్‌మెంట్ యజమానికో సంఘానికో ఆదాయంలో వాటా ఇచ్చి, వేరేవాళ్లను లోపలికి రానివ్వకుండా చూసుకోవడం చాలాచోట్ల ఉన్నదే. అమెరికాలో ఇది ఎంత ముదిరిందంటే, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో బహుళ అంతస్తుల భవనాల్లో ఒకే కంపెనీకి కట్టిపడేసే ఆదాయ వాటా ఒప్పందాలను నిషేధించాల్సి వచ్చింది.

ఈ ముడి విప్పిన చోట్లను చూస్తే ఎక్కువమంది చేసింది దాదాపు ఒకటే: తీగను, సర్వీసును విడదీశారు. స్టాక్‌హోమ్ నగరం 1994లో స్టోకాబ్ అనే సంస్థను పెట్టింది. అది ఖాళీ ఫైబర్ మాత్రమే వేసి ఎవరడిగినా అద్దెకిస్తుంది, ఇంటర్నెట్ తాను అమ్మదు. ఒక్క తవ్వకం మీద పదిమంది అమ్ముకోవచ్చు. బ్రిటన్‌లో 2006 నుంచి ఓపెన్‌రీచ్ అనే సంస్థ లైన్ల బాధ్యత చూస్తుంటే, దాని మీద పలు కంపెనీలు సర్వీసు ఇస్తున్నాయి. అమెరికాలోని చాటనూగా ఊరిది వేరే దారి: అక్కడ 2010లోనే గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చింది ఆ ఊరి విద్యుత్ సంస్థ ఈపీబీ. స్తంభాలు, వాటి పక్కన నడిచే దారి, ప్రతి ఇంటితో బిల్లు సంబంధం అన్నీ దానికి అప్పటికే ఉన్నాయి. అన్నిటికంటే ఖరీదైన భాగం చేతిలో పెట్టుకునే అది రంగంలోకి దిగింది.

ఏ తీగ వస్తే ఎంత వస్తుంది

ప్లాన్ పేరు కన్నా ముందు చూడాల్సింది ఇంటికి వచ్చిన మాధ్యమం ఏమిటన్నది.

పాత టెలిఫోన్ రాగి తీగ మీద వచ్చే డీఎస్ఎల్‌కు దూరమే శత్రువు. ఏడీఎస్ఎల్ 2 ప్లస్ గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్. ఎక్స్ఛేంజీ నుంచి 3 కిలోమీటర్లు దాటితే అందులో మూడో వంతు వచ్చినా మంచి లైనే. 5 కిలోమీటర్ల దగ్గర ఒకటి రెండు ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. వీడీఎస్ఎల్ అయితే 100 దాకా ఇస్తుంది గానీ, వీధిలో తీగలు కలిసే పెట్టె (క్యాబినెట్) కొన్ని వందల మీటర్ల లోపు ఉంటేనే. ఏ ప్లాన్ కొన్నా రాగి పొడవు మారదు కాబట్టి, ఇక్కడ పెద్ద ప్లాన్ తీసుకోవడం శుద్ధ దండగ.

టీవీ కేబుల్ మీద వచ్చే నెట్‌కు డౌన్‌లోడ్ బాగానే ఉంటుంది, అప్‌లోడ్ కష్టం. టీవీ ఛానళ్ల కోసం పుట్టిన తీగ అది. ఇంటి నుంచి బయటికి పోయే సిగ్నల్‌కు అమెరికాలోని పాత నెట్‌వర్కుల్లో 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ మధ్య సన్నటి దారి మాత్రమే వదిలారు. వీధిలో ఏ ఇంట్లో కనెక్టర్ వదులైనా బయటి రొద ఆ దారిలోనే దూరుతుంది. మీ తప్పేం లేకపోయినా మీ వీడియో కాల్ తెగుతుంది.

ఉపగ్రహాల్లో రెండు రకాలు, రెంటికీ పోలికే లేదు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ అభ్యర్థన పైకి, కిందికి, జవాబు మళ్లీ పైకి, కిందికి. కాంతి వేగంతో పోయినా 0.48 సెకను దానికే సరి. వాస్తవంలో 600 మిల్లీ సెకన్లు పడుతుంది. సినిమా చూడొచ్చు, మాట్లాడుకుంటే మాత్రం ఒకరి మాట మీద ఒకరు పడతారు. స్టార్‌లింక్ లాంటివి 500 కిలోమీటర్లకు అటూ ఇటూగా తిరుగుతాయి కాబట్టి ఆలస్యం మామూలు కేబుల్ నెట్‌కు దగ్గరగా ఉంటుంది. అయితే డిష్‌కు ఆకాశం విశాలంగా కనిపించాలి. కొమ్మ అడ్డొచ్చినా కొన్ని క్షణాలకోసారి తెగుతూ ఉంటుంది.

ఇక ఫైబర్. దొరికితే ఇంకోటి చూడక్కర్లేదు. కానీ ఫైబర్ అన్నంత మాత్రాన తీగ మొత్తం మీదే అనుకోకండి.

100 అంటే ఏ 100

ఇళ్లకు వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిలో ఉంటుంది. కంపెనీ దగ్గర ఓఎల్‌టీ అనే పెట్టె నుంచి బయల్దేరిన ఒక్క ఫైబర్ వీధిలో స్ప్లిటర్ దగ్గర 32 లేదా 64 పాయలవుతుంది. దాన్లో దింపుకొనే సామర్థ్యం మొత్తం కలిపి 2.488 జీబీపీఎస్, ఎక్కించే సామర్థ్యం 1.244. 32 ఇళ్లూ ఒకేసారి లాగితే ఇంటికి దాదాపు 78 ఎంబీపీఎస్. అయినా 300 ప్లాన్లు అమ్ముతారు. ఇది మోసం కాదు, ఎందుకంటే అందరూ ఒకేసారి లాగరు. రద్దీ వేళలోనూ సగటు ఇల్లు వాడేది కొద్ది ఎంబీపీఎస్ మాత్రమే. గొడవ వచ్చేది స్ప్లిటర్ దగ్గర కాదు, దాని వెనక. ఇలా పాయలయ్యే ఫైబర్లు (పాన్‌లు) పదో పదిహేనో కలిసే చోట కంపెనీ బయటి ప్రపంచానికి ఎంత లైను కొనిందన్నదే అసలు ప్రశ్న. ప్రకటనలో ఆ అంకె ఎప్పుడూ ఉండదు. ‘అప్ టు’ అనే రెండు ముక్కల్లో అదంతా దాక్కుంటుంది.

ఇంకో రెండు అంకెల గందరగోళం ఉంది. ప్లాన్‌ను మెగాబిట్లలో అమ్ముతారు, డౌన్‌లోడ్ మెగాబైట్లలో కనిపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు సెకనుకు 12 ఎంబీ చొప్పున దిగుతుంటే అది పూర్తి స్పీడే. రెండోది ఎఫ్‌యూపీ, అంటే నెలకు ఇంత డేటా దాటితే స్పీడు తగ్గించే నిబంధన. 100 ఎంబీపీఎస్‌తో ఆగకుండా దింపితే గంటకు 45 జీబీ అవుతుంది, 23 గంటల్లోపే 1 టీబీ దాటుతుంది. ఎంత ఎక్కువ స్పీడు కొంటే పరిమితి అంత త్వరగా తగులుతుందన్నమాట. పరిమితి దాటాక ఎంత స్పీడు ఇస్తారో అడిగి రాయించుకోండి. 1 ఎంబీపీఎస్ అంటే అది నెట్ ఉన్నట్టు కాదు.

నిజంగా ఎంత కావాలి? రెండు టీవీల్లో 4కే వీడియో అంటే ఒక్కోదానికి 25 చొప్పున 50. రెండు వీడియో కాల్స్‌కు 8. ఫోన్లు, అప్‌డేట్లు కలిపి ఇంకో 15 వేసుకున్నా 75 దగ్గర తేలుతుంది. చాలా ఇళ్లకు 100 సరిపోతుంది. 300 నుంచి 1,000కి మారినా వెబ్‌పేజీ తెరుచుకునే వేగంలో తేడా తెలియదు. పెట్టాల్సిన దృష్టంతా అప్‌లోడ్ మీద. క్లౌడ్‌లో రికార్డు చేసే కెమెరా ఒక్కోటి 2 నుంచి 4 ఎంబీపీఎస్ నిరంతరం ఎక్కిస్తుంది. నాలుగు కెమెరాలుంటే 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిండిపోయింది. అప్పుడు డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది, ఎందుకంటే అందిన ప్రతి డేటాకూ ‘ముట్టింది’ అని తిరిగి చెప్పే చిన్న ప్యాకెట్లు వెళ్లాల్సింది కూడా ఆ దారినే.

బిల్లు గురించి ఒక్క మాట చాలు. ప్రకటనలో ఉన్న నెల రేటు చూడకండి, ఒప్పంద కాలం మొత్తం ఖర్చును నెలలతో భాగించండి. మొదటి ఏడాది నెలకు 60, రెండో ఏడాది 100, ఇన్‌స్టలేషన్ 150 అనుకుంటే, 24 నెలలకు 2,070. అంటే నెలకు 86. రౌటర్ అద్దె, పన్ను, స్టాటిక్ ఐపీ (మారని సొంత ఇంటర్నెట్ చిరునామా) ఇంకా అందులో కలపలేదు. రౌటర్ మీరే కొనుక్కోవచ్చా, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేవి సంతకం పెట్టకముందే అడిగేయాలి.

స్పీడు ఎక్కడ పోతోందో పట్టుకోవడం

ప్లాన్ పెంచుకోమనే సలహా కస్టమర్ కేర్‌లో వెంటనే దొరుకుతుంది. దానికి ముందు ఒక గంట వెచ్చించండి, ఆ డబ్బు మిగలొచ్చు.

మొట్టమొదట వైఫైని లెక్కలోంచి తీసేయాలి. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలిపి, మిగతావన్నీ ఆపేసి స్పీడ్ టెస్ట్ పెట్టండి. కంపెనీ సొంత సర్వర్ ఒక్కటే కాదు, వేరే ఊళ్లోని సర్వర్ కూడా ఎంచుకుని చూడండి. మొదటిది మీ లైనును మాత్రమే చెబుతుంది, రెండోది బయటి దారిని చెబుతుంది.

300 ప్లాన్‌లో ఎన్నిసార్లు పెట్టినా 93, 94 దగ్గరే గట్టిగా ఆగిపోతోందా? నెట్ దోషం కాదు, అది కేబుల్ దోషం. లాన్ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, 100కి రెండు జతలు చాలు. కేబుల్ కొసకు ప్లగ్ బిగించేటప్పుడు (క్రింపింగ్‌లో) ఒక్క తీగ సరిగా తగలకపోయినా రెండు పరికరాలూ రాజీపడి 100కి దిగిపోతాయి. ప్యాకెట్ల మీద రాసే చిరునామాల (హెడర్ల) ఖర్చు పోను మనకు మిగిలేది 94. చాలాచోట్ల టెక్నీషియన్ హడావుడిలో రెండు జతలే క్రింప్ చేసి వెళ్తాడు. కొత్త క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ వేస్తే ఆ నిమిషంలోనే తేడా తెలుస్తుంది. రౌటర్‌లో ఉన్నవే 100 పోర్టులైతే మాత్రం కేబుల్ మార్చి లాభం లేదు.

వైరు మీద పూర్తి స్పీడు వచ్చి, వైఫైలో రాకపోతే కంపెనీని తిట్టి ప్రయోజనం లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఆ మూడింటిని పంచుకుంటాయి. దగ్గరి గదుల్లో 5 గిగాహెర్ట్జ్ వాడండి, దూరపు గదికి లాన్ కేబుల్ లాగి అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టండి. చవకగా దొరికే రిపీటర్ ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తుంది కాబట్టి స్పీడు సగానికి పడుతుంది. రౌటర్‌ను టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో పెట్టి సిగ్నల్ లేదనడం కూడా మామూలే.

వైరు మీదే తక్కువ వస్తుంటే వేళలు చూడాలి. వారం రోజుల పాటు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి టెస్ట్ చేసి రాసుకోండి. ఎప్పుడూ ఒకేలా తక్కువైతే లైనులో లోపం. పొద్దున నిండుగా వచ్చి రాత్రి మూడో వంతుకు పడితే రద్దీ. రద్దీ ఎక్కడన్నది కూడా తేల్చొచ్చు. డేటా ఏయే మజిలీల మీదుగా పోతోందో చూపే ట్రేస్‌రూట్ కమాండు పెడితే రౌటర్ తర్వాత కనిపించే మొదటి చిరునామా కంపెనీ మొదటి మజిలీ. దానికి పింగ్ పెట్టండి, జవాబు ఎంతసేపట్లో వస్తోందో అది చెబుతుంది. పొద్దున 4 మిల్లీ సెకన్లు ఉన్నది రాత్రి 60, 80 అవుతుంటే మీ వీధి వైపే ఇరుకు. అది 4 దగ్గరే ఉండి దూరపు సర్వర్లకు మాత్రమే నీరసిస్తుంటే, కంపెనీ బయట కొన్న లైను చాలట్లేదు. ఒక హెచ్చరిక: మధ్యలో ఏదో ఒక మజిలీ దగ్గర 40 శాతం ప్యాకెట్లు పోతున్నట్టు కనిపించి, చివరి మజిలీకి అన్నీ చేరుతుంటే దాన్ని పట్టించుకోకండి. అక్కడి రౌటర్ పింగ్‌లకు తీరిగ్గా జవాబిస్తోంది, అంతే. ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని గొడవపడితే అవతలివాళ్లకు మిమ్మల్ని తోసిపుచ్చే అవకాశం మీరే ఇచ్చినట్టు.

ఫైబర్ లైనులో చూడాల్సిన అంకె ఒకటుంది, దాని సంగతి కస్టమర్ కేర్ వాళ్లు తమంతట తాము ఎత్తరు. ఇంట్లో ఫైబర్ వచ్చి దిగే పెట్టె ఓఎన్‌టీ. దాని సెట్టింగుల పేజీలోకి వెళ్తే ఆర్ఎక్స్ పవర్, అంటే చేరిన వెలుగు బలం, కనిపిస్తుంది, డీబీఎం అనే కొలతలో, ముందు మైనస్ గుర్తుతో. మైనస్ పక్క అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. లెక్క ఇలా ఉంటుంది: ఓఎల్‌టీ నుంచి ప్లస్ 3తో వెలుగు బయల్దేరింది. 32 పాయల స్ప్లిటర్ దగ్గర 17 డీబీ పోయింది. ఆరు కిలోమీటర్ల తీగలో ఒకటిన్నర, కనెక్టర్లు, అతుకుల్లో ఇంకో రెండు. మీ ఇంటికి చేరాల్సింది మైనస్ 17 లేదా 18. మైనస్ 24 దాకా నిశ్చింత. మైనస్ 27కి చేరితే అది అంచు. వానకో ఎండకో ఒక డీబీ అటూఇటూ అయితే లైను పడిపోతుంది, మళ్లీ దానంతటదే వస్తుంది. ‘మధ్యమధ్యలో పోతోంది’ అనే ఫిర్యాదుల వెనక ఈ అంకె దొరకడం చాలా మామూలు. కనెక్షన్ కొత్తగా ఇచ్చిన రోజే ఆ అంకె ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మైనస్ 18 కాస్తా మైనస్ 25 అయిందంటే మధ్యలో ఏదో జరిగిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఏం జరిగి ఉంటుంది? మొదటి అనుమానం దుమ్ము. వెలుగు పోయే గాజు గుండె మందం 9 మైక్రాన్లు, వెంట్రుక మందంలో ఎనిమిదో వంతు. కనెక్టర్ కొసను ఒకసారి వేలితో తాకితే ఆ జిడ్డు చాలు. తీసిన ప్రతిసారీ పొడి ఫైబర్ క్లీనర్‌తో తుడిచే పెట్టాలి, నోటితో ఊదకూడదు. రెండో అనుమానం రంగు. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలం దాదాపు చదునుగా ఉంటుంది. రెంటినీ కలిపితే గట్టిగానే బిగుస్తాయి, లోపల మాత్రం కొసలు ఆనవు. కొన్ని డీబీలు అక్కడే ఆవిరి. మూడోది మెలిక. మిగిలిన తీగను గ్లాసు మూతి కన్నా చిన్న చుట్టగా చుట్టి తలుపు సందులో కుక్కితే వెలుగు వంపు దగ్గర బయటికి కారిపోతుంది. తీగ కొసలోకి కన్ను పెట్టి వెలుగొస్తోందా అని మాత్రం చూడకండి. ఆ లేజరు కంటికి కనిపించదు, కనిపించకపోయినా హాని చేయగలదు.

ఓఎన్‌టీ మీద లాస్ (LOS) అనే లైటు ఎర్రగా ఉంటే వెలుగు అస్సలు రావట్లేదని అర్థం. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినందువల్ల అది పోదు, లైన్‌మన్ రావాల్సిందే. లాస్ ఆరిపోయి పాన్ లైటు మిటకరిస్తూనే ఉంటే వెలుగు వస్తోంది గానీ ఓఎల్‌టీ మీ పెట్టెను గుర్తించట్లేదు. అది చాలాసార్లు కంపెనీ సిస్టంలో రిజిస్ట్రేషన్ సమస్య, ఫోన్ చేస్తేనే అక్కడి నుంచి సరిచేయగలరు. ఈ తేడా చెప్పి ఫిర్యాదు రాయిస్తే ఒక రోజు కలిసొస్తుంది.

స్పీడ్ టెస్ట్ బాగుండి కూడా ఇంట్లో ఎవరో ఫొటోలు అప్‌లోడ్ చేయగానే మీ కాల్ గడ్డకట్టుకుపోతోందా? దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. లైను నిండినప్పుడు ప్యాకెట్లను పారేయకుండా మోడెమ్ పొడుగాటి క్యూలో నిలబెడుతుంది. మీ కాల్ ప్యాకెట్ ఆ క్యూ చివర నిలబడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 12 ఉండి, అప్‌లోడ్ నడుస్తున్నప్పుడు 300 అయితే ఖాయం. మందు రౌటర్‌లోనే ఉంది: ఎస్‌క్యూఎం (క్యూను అదుపులో పెట్టే సదుపాయం) ఉన్న రౌటర్ తీసుకుని, లేదా రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, కేక్ అనే క్యూ పద్ధతి ఎంచుకుని, కొలిచిన స్పీడులో 90 శాతం దగ్గర పరిమితి పెట్టాలి. డౌన్‌లోడ్ 50, అప్‌లోడ్ 10 వస్తుంటే 45, 9 పెట్టాలి. పదో వంతు వదులుకుంటే క్యూ కంపెనీ పెట్టెలో కాక మీ చేతిలో ఉంటుంది. నాసి లైను మీద ఇంత ఫలితమిచ్చే మార్పు మరోటి లేదు, ప్లాన్ పెంచడం సహా.

ఇంట్లో కెమెరా బయటి నుంచి తెరుచుకోకపోతే రౌటర్‌లో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ అనే పద్ధతి వెనక ఉన్నారు. ఒకే పబ్లిక్ చిరునామాను చాలా ఇళ్లు పంచుకుంటున్నాయి, కాబట్టి బయటి నుంచి ఇంట్లో పరికరానికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. స్టాటిక్ ఐపీకి డబ్బు కట్టేముందు కొత్త తరహా చిరునామా అయిన ఐపీవీ6 ఇస్తున్నారేమో కనుక్కోండి, చాలా అవసరాలకు అది చాలు.

తీగ నిజంగా ఒక్కటే అయినప్పుడు

ఇన్ని చేసినా లోపం కంపెనీదే అని తేలితే, రెండో దారి సాధారణంగా గాలిలోంచే రావాలి. 4జీ, 5జీ రౌటర్ పెట్టేవాళ్లు ఫోన్‌లో గీతలు చూసి నిర్ణయిస్తారు. చూడాల్సినవి రెండు అంకెలు. ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 90 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే బలం బాగుంది, మైనస్ 110 దాటితే బలహీనం. ఎస్ఐఎన్ఆర్ 20 దగ్గర ఉంటే స్పష్టం, సున్నాకు దగ్గరైతే బలం ఎంతున్నా పక్క టవర్ల రొదలో మునిగిపోతుంది. డబ్బా గదిలో కాక బయట గోడకు, టవర్ వైపు తిప్పి యాంటెన్నా పెడితే ఈ రెండో అంకె మెరుగవుతుంది. వేడిని ఆపే పూత ఉన్న కిటికీ అద్దాలు సిగ్నల్‌నూ ఆపుతాయి, అందుకే కిటికీ పక్కన పెట్టినా కొన్ని ఇళ్లలో మార్పు కనిపించదు.

రెండు కనెక్షన్లు తీసుకునేవాళ్లు ఒకటి తప్పక కనుక్కోవాలి: రెండు తీగలూ ఒకే స్తంభాల మీద వస్తున్నాయా? పేర్లు వేరైనా చిన్న కంపెనీలు పెద్దవాళ్ల ఫైబర్‌నే అద్దెకు తీసుకుంటుంటాయి. ఒక లారీ స్తంభాన్ని ఢీకొంటే రెండూ పోతాయి. ఒకటి తీగ, ఇంకోటి గాలి అయితేనే దాన్ని బ్యాకప్ అనాలి. కరెంటు పోతే నెట్ పోవడానికి మాత్రం చిన్న విరుగుడుంది. ఫైబర్ దారిలో స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. ఓఎన్‌టీ, రౌటర్‌లకు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే, కంపెనీ వైపు ఓఎల్‌టీకి బ్యాటరీ ఉన్నంతసేపు నెట్ ఉంటుంది.

పక్క వీధి దాకా ఫైబర్ వచ్చి మీ దగ్గర ఆగిపోయిందా? అక్కడి మేడ మీంచి మీ మేడకు 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి వేయొచ్చు, ఒప్పందంలో కనెక్షన్ పంచుకోవడానికి అనుమతి ఉంటేనే. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనిపిస్తే చాలదు. 2 కిలోమీటర్ల దూరానికి మధ్యలో, చూపు గీత చుట్టూ దాదాపు 5 మీటర్ల ఖాళీ కావాలి, కనీసం 3 మీటర్లు తప్పదు. చెట్టు పైకొమ్మ ఆ గీతకు తగలకపోయినా, దగ్గరికొస్తే చాలు, వానాకాలం చిగుర్లతో లింకు నీరసిస్తుంది.

కొత్త కంపెనీని రప్పించాలంటే ఒక్కొక్కరు విడివిడిగా ఫోన్లు చేస్తే పని జరగదు. పైన వేసిన 100 ఇళ్ల లెక్క గుర్తుందిగా, ఆ లెక్కలో వాళ్ల భయాన్ని తగ్గించాలి. ఎన్ని ఇళ్లు తీసుకుంటాయో పేర్లతో జాబితా, ముందస్తు డిపాజిట్‌కు ఎంతమంది సిద్ధం, దగ్గరి ఫైబర్ ఎంత దూరంలో ఉంది, తీగ ఏ గోడల మీదుగా రావచ్చు, వాటి యజమానుల అంగీకారం. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ పల్లెల్లో బీ4ఆర్ఎన్ అనే సముదాయ సంస్థ ఈ దారిలోనే నడిచింది. పెద్ద కంపెనీలు గిట్టుబాటు కాదన్న చోట రైతులు తమ పొలాల గుండా తవ్వుకోవడానికి ఉచితంగా దారి ఇచ్చారు, ఊరివాళ్లే చేయి వేశారు. అన్నిటికంటే ఖరీదైన పని అలా చవకైపోయింది.

ఇల్లు కడుతున్నా, గోడలు పగలగొట్టి మరమ్మతు చేయిస్తున్నా ఆ ఖర్చులో ఒక ముక్క ముందే తగ్గించుకోవచ్చు. వీధి గోడ నుంచి రౌటర్ పెట్టే చోటికి 25 మిల్లీమీటర్ల పైపులు రెండు వేయించండి, మూలల్లో నిలువు ఎల్బోలు కాక పెద్ద వంపులు పెట్టించండి. ఒకటి ఇప్పటి తీగకు. రెండోది ఖాళీగా వదిలేసి, లోపల ఒక నైలాన్ తాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంచి రెండు కొసలూ ముడేయండి. రేపు ఇంకో కంపెనీ మనిషి వస్తే గోడకు రంధ్రం పెట్టకుండా, తన తీగను ఆ తాడుకు కట్టి లాగేసుకుంటాడు.